మందను చదవడం నేర్పే చదువు: పశువైద్య విద్యపై పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

పశువైద్య విద్యలో వ్యాధులను, వాటి నివారణను ఎలా బోధిస్తారన్న విషయంపై ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. రాసినవారిలో తల్లిదండ్రులు, విద్యార్థులు, పాడి రైతులు, ఒక ఉపాధ్యాయుడు ఉన్నారు. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, పల్లెలో డాక్టరుగానూ తరువాత తరగతి గదిలోనూ గడిపిన అనుభవంతో నాకు తెలిసినంత మేరకు సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తిచేసి పశువైద్య కోర్సులో చేరతానంటోంది. జబ్బుపడిన గొడ్డుకు సూది వేయడానికి ఐదున్నరేళ్ల చదువు ఎందుకని ఇంట్లో పెద్దలు అడుగుతున్నారు. ఆ చదువులో వ్యాధుల గురించి అసలు ఏం నేర్పుతారు?
— ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: సూది వేయడం చేతికి రావడానికి కొన్ని వారాలు చాలు. ఆ సూది ఏ పశువుకు వేయాలి, దేనికి వేయకూడదు, పక్క దొడ్డిలో ఆరోగ్యంగా కనిపిస్తున్న ఇరవై పశువులను ఈ పూట ఏం చేయాలి అన్నది తేల్చుకోవడానికే అన్నేళ్లు పడుతుంది. భారత పశువైద్య మండలి 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం నాలుగున్నరేళ్లు తరగతులు, ఆపైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటాయి.

మొదట్లో విద్యార్థులు వ్యాధి జోలికే వెళ్లరు. ఆరోగ్యంగా ఉన్న ఆవు ఎలా నిలబడుతుంది, ఎంతసేపు నెమరు వేస్తుంది, దాని ఒంటి వేడి ఎంత, పేడ ఏ తీరుగా ఉంటుంది అన్నవి చూసి చూసి కళ్లకు అలవాటు చేసుకుంటారు. సరిగా ఉన్నదాన్ని వందసార్లు చూసినవారికే తేడా వచ్చినది ఇట్టే కనబడుతుంది కనుక ఆ క్రమం అలా పెట్టారు. ఆ తరువాత సూక్ష్మజీవుల కోసం మైక్రోబయాలజీ, నట్టలు, పిడుదులు, కార్జపు జలగల వంటి పరాన్నజీవుల కోసం పారాసైటాలజీ, వ్యాధి అవయవాలను ఎలా మారుస్తుందో చూపే పాథాలజీ, మందుల గుణాలు తెలిపే ఫార్మకాలజీ వస్తాయి. మెడిసిన్, సర్జరీ, గైనకాలజీలకు తోడుగా పబ్లిక్ హెల్త్ అండ్ ఎపిడెమియాలజీ అనే విభాగం కూడా ఉంటుంది. ఒక వ్యాధి ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ దారిన, ఏ కాలంలో నడుస్తుందో లెక్కగట్టడం నేర్పే విభాగం అది. పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు, పాలు, మాంసం తనిఖీ కూడా దాని కిందికే వస్తాయి.

మీ ఇంటి పెద్దలకు ఒక చరిత్ర విషయం చెప్పండి. ప్రపంచంలో మొట్టమొదటి పశువైద్య పాఠశాలను ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో 1761లో క్లోడ్ బూర్జెలా స్థాపించారు. ఆ శతాబ్దమంతా ఐరోపాలో ముసర వ్యాధి, అంటే రిండర్‌పెస్ట్, పశువులను ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టింది. దానికి చికిత్స లేదు. రాకుండా ఆపడం ఎలాగన్న తపన ఆ పాఠశాల పుట్టుక వెనుక ఉంది. మీ అమ్మాయి చేరబోయే చదువు నివారణ అవసరంలో నుంచే మొలిచిందని ఎవరికైనా ధైర్యంగా చెప్పవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి కేంద్రంగా ఉన్న శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలలు ఉన్నాయి. తెలంగాణలో పి.వి. నరసింహారావు పేరిట ఉన్న విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కళాశాలలు నడుస్తున్నాయి. ప్రవేశాల నిబంధనలు ఏటా వెలువడే ప్రకటనలోనే చూసుకోవాలి.

ప్రశ్న: నేను బి.వి.ఎస్సీ. చదువుతున్నాను. పాథాలజీలో పోస్ట్‌మార్టం అంటే నాకు భయం, అసహ్యం రెండూ ఉన్నాయి. పశువు చనిపోయాక దాన్ని కోసి చూస్తే ఎవరికి మేలు? మైక్రోబయాలజీలో కంఠస్థం చేస్తున్న బ్యాక్టీరియా పేర్లు పల్లెలో ఎప్పుడైనా పనికొస్తాయా?
— ఒక విద్యార్థిని, చిత్తూరు జిల్లా

జవాబు: అసహ్యాన్ని దాచుకోకుండా రాశారు, సంతోషం. ఆ వాసనకు అలవాటు పడడానికి నాకు కూడా చాలా రోజులు పట్టింది. మీ ప్రశ్నకు నా ఉద్యోగం తొలినాళ్ల సంఘటనతో జవాబు చెబుతాను.

తొలకరి వానలు పడి పది పన్నెండు రోజులైంది. ఒక గొర్రెల కాపరి తెల్లవారకముందే వచ్చి, రాత్రి మందలో మూడు పిల్లలు చచ్చిపోయాయని, నిన్న సాయంత్రం దాకా అవి గెంతుతూనే ఉన్నాయని చెప్పాడు. పాము కాటు అని అతని నమ్మకం. వెళ్లి చూస్తే చనిపోయినవి మూడూ మందలో అన్నిటికంటే బలంగా, నున్నగా ఉన్న పిల్లలు. బక్కచిక్కినవి బాగానే ఉన్నాయి. పుస్తకంలోని ఒక వాక్యం అక్కడ నాకు మొదటిసారి కళ్లముందు నిలబడింది.

అయినా కత్తి పట్టే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఉన్నట్టుండి చనిపోయిన ఏ జీవాన్నైనా కోసే ముందు దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, కాదని నిర్ధారించుకోవాలి. ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతోందా, కళేబరం ఇట్టే ఉబ్బిపోయిందా అని చూడాలి. అనుమానం ఏమాత్రం ఉన్నా చెవి అంచు నుంచి ఒక్క రక్తపు బొట్టు గాజు పలకపై తీసుకుని సూక్ష్మదర్శినిలో చూపించాలే తప్ప పొట్ట తెరవకూడదు. శరీరం మూసి ఉన్నంతవరకు ఆ బ్యాక్టీరియా చాలామటుకు లోపలే కుళ్లి నశిస్తుంది. తెరిచి గాలి తగలనిస్తే బీజాలుగా మారి, ఆ మట్టిలో దశాబ్దాల తరబడి బతికి ఉంటుంది. మీరు కంఠస్థం చేస్తున్న ఆ ఒక్క పేరు, దాని స్వభావం తెలియకపోతే డాక్టరే ఆ బీడును పాడుచేసినవాడవుతాడు. మనుషుల ప్రాణాలకూ అది ముప్పు.

ఆ రోజు అటువంటి ఆనవాళ్లేవీ లేవు. చెవి నుంచి తీసిన పలక కూడా శుభ్రంగా ఉంది. అప్పుడు ఒక పిల్లను కోశాను. గుండె చుట్టూ ఉండే సంచిలో లేతపసుపు నీరు చేరి ఉంది. దాన్ని చిన్న సీసాలోకి తీసుకుంటే నా కళ్లముందే జెల్లీలా పేరుకుంది. మూత్రపిండం వేలితో నొక్కితే గుజ్జులా జారిపోయింది. మూత్రంలో చక్కెర ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఇక సందేహం లేదు, అది చిటికె వేసేంతలో ప్రాణం తీసే చిటుక రోగం. దాన్ని కలిగించే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లోనూ కొద్దిగా ఉంటుంది. తొలకరికి మొలిచిన లేత పచ్చికను పిల్లలు ఒక్కసారిగా కడుపునిండా మేసినప్పుడు అది విపరీతంగా పెరిగి విషాన్ని విడుదల చేస్తుంది. అందరికంటే ఎక్కువ మేసేది బలమైన పిల్లే కనుక ముందు పోయేదీ అదే.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. ఆ మూడు పిల్లలకు నేను చేసిన మేలు ఏమీ లేదు. కానీ ఆ ఉదయం నుంచి మందను లేత పచ్చికపైకి తోలకుండా, ముందు కాస్త ఎండుమేత వేసి ఆ తరువాత కొద్దిసేపే మేపమని చెప్పగలిగాను. మిగిలినవాటికి టీకా వేశాము, రెండు మూడు వారాలకు రెండో మోతాదు వేశాము. మరుసటి ఏడాది మే నెలలోనే, వానలకు ముందే ఆ ఊరి మందలన్నిటికీ టీకా పడింది. కోసిన పిల్ల ఒకటి, ఆ కోతతో నిలబడినవి కొన్ని వందలు. పాము కాటు అనుకుని పూడ్చిపెట్టి ఉంటే రోజూ రెండు మూడు పోతూనే ఉండేవి.

ఈసారి పోస్ట్‌మార్టం గదికి వెళ్లినప్పుడు బల్ల మీద ఉన్న జీవాన్ని చూస్తూ, ఇది ఏ మందలోది, ఆ మందలో ఇంకా ఎన్ని ఉన్నాయి అని మీ గురువును అడగండి. ఆ ప్రశ్నకు దొరికే జవాబు మీ భయాన్ని తగ్గిస్తుందని నా నమ్మకం.

ప్రశ్న: మా ఊరిలో గాలికుంటు టీకా వేశారు. మా గేదెలకు కూడా వేయించాము. అయినా రెండు వారాలు తిరగకముందే ఒక గేదెకు నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు వచ్చి పాలు పడిపోయాయి. టీకాలోనే జబ్బు ఉందని ఊళ్లో అంటున్నారు. టీకా ఎందుకు పనిచేయదో డాక్టర్లకు నేర్పరా?
— ఒక పాడి రైతు, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, పాలు పడిపోయిన గేదె ముందు నిలబడి అడుగుతున్న ప్రశ్న ఇది, కోపం రావడం సహజమే. గాలికుంటు టీకాలో ఉండేది చంపిన వైరస్. దానివల్ల జబ్బు రాదు. మీ గేదె విషయంలో ఎక్కువగా జరిగే అవకాశం ఉన్నది ఇది: ఈ వైరస్ ఒంట్లో చేరాక రెండు రోజుల నుంచి రెండు వారాల లోపు బయటపడుతుంది. టీకా వేసే నాటికే అది మీ ఊళ్లోకి వచ్చి ఉండవచ్చు. టీకా పూర్తి బలం చూపడానికి రెండు మూడు వారాలు కావాలి. ఆ మధ్యకాలంలో పశువుకు రక్షణ ఉండదు.

టీకా విఫలం కావడానికి గల కారణాలు పశువైద్య విద్యలో తప్పక బోధిస్తారు. అయితే అవి పరీక్షలో రాయడానికి మాత్రమే గుర్తుంచుకునే విద్యార్థులు ఉన్నారు, అది నాకు బాధ కలిగించే విషయం. ఈ వైరస్‌లో ఏడు రకాలు ఉన్నాయి. ఒక రకానికి వచ్చిన రక్షణ మరో రకానికి పనికిరాదు. మన దేశంలో తిరుగుతున్నవి ఓ, ఎ, ఏషియా-1 అనే మూడు. మన టీకాలో ఈ మూడూ ఉంటాయి. టీకా సీసా తయారైన చోటు నుంచి మీ గేదె మెడ దాకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలోనే రావాలి. ఎండలో మోటారు సైకిల్ డిక్కీలో గంటసేపు ఉన్నా, ఫ్రిజ్‌లో పైన మంచు గదిలో పెట్టి గడ్డకట్టించినా అది పాడవుతుంది. టీకా వేసేవారు మంచు ముక్కలున్న డబ్బాలో నుంచి సీసా తీస్తున్నారా, వాడే ముందు మెల్లగా కలుపుతున్నారా అని అడిగి చూసే హక్కు మీకు ఉంది. దూడలకు నాలుగు నెలలు దాటాక మొదటిసారి వేసి, నెల రోజులకు బలపరిచే మోతాదు ఇచ్చి, ఆపైన ఆరు నెలలకొకసారి వేయించాలి. ఒకసారి వేయించి ఆపేస్తే రక్షణ నిలవదు.

ఊరంతా కలిసి వేయించుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఊరి పశువుల్లో సుమారు 80 శాతానికి రక్షణ ఉంటేనే వైరస్‌కు నడవడానికి దారి దొరకదు. 2019లో కేంద్ర ప్రభుత్వం గాలికుంటుకు, చూడి పశువులకు గర్భస్రావం కలిగించే బ్రూసెల్లోసిస్‌కు కలిపి జాతీయ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించి, పశువుల చెవికి పన్నెండు అంకెల పోగు వేయించడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. పాలు తగ్గుతాయనో, చూడి పోతుందనో టీకా రోజున పశువును పొలానికి తోలేసే ఇళ్లు ప్రతి ఊళ్లో నాలుగైదు ఉంటాయి. ఆ ఇళ్లవారితో కూర్చుని మాట్లాడడం కూడా డాక్టరు పనే. దాన్ని విద్యార్థులకు ఇంకా గట్టిగా నేర్పవలసి ఉంది.

ఇప్పటికి మీరు చేయవలసింది: జబ్బు గేదెను వేరుగా కట్టి, దాని కుడితి తొట్టి మరో పశువుకు పెట్టకండి. దానికి పాలు పితికినవారే మిగతావాటికి పితకకూడదు. నాలుగు శాతం చాకలి సోడా నీళ్లతో, అంటే లీటరు నీటికి 40 గ్రాముల లెక్కన, కొట్టం నేల కడగండి. ఆ వైరస్ క్షారాన్ని తట్టుకోలేదు. పుండ్ల మీద ఇతర క్రిములు చేరకుండా ఏ మందు వాడాలో మీ డాక్టరు చెబుతారు. పశువైద్య సంచార వాహనం కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: ఇంటర్న్‌షిప్‌లో పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా వేయడానికి మమ్మల్ని తీసుకువెళుతున్నారు. చేతి తొడుగులు, కళ్లజోడు తప్పనిసరి అంటున్నారు. మిగతా టీకాలకు లేని ఇంత జాగ్రత్త దీనికెందుకు?
— ఒక ఇంటర్న్, అనంతపురం జిల్లా

జవాబు: ఈ ఎస్-19 టీకాలో ఉన్నది బతికి ఉన్న, బలం తగ్గించిన బ్యాక్టీరియా. దూడ కదిలినప్పుడు సూది మీ వేలికి గుచ్చుకున్నా, తుంపర కంట్లో పడినా మీకే జబ్బు చేస్తుంది. అది వస్తూ పోతూ ఉండే జ్వరం, కీళ్ల నొప్పులు, నీరసంతో నెలల తరబడి వేధిస్తుంది. సూది గుచ్చుకుంటే దాచకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, ఏ టీకా గుచ్చుకుందో డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడ దూడలకు మాత్రమే, జీవితంలో ఒకేసారి వేయాలి. చూడి పశువులకు, మగవాటికి వేయకూడదు.

పల్లెల్లో ఈసుడు రోగం అని పిలిచే ఈ జబ్బులో చూడి పశువు చివరి నెలల్లో ఈసుకుపోతుంది. ఆ మాయను, చచ్చిన దూడను ఒట్టి చేతులతో తీసి కుప్పలో పారేసే ఇంటి ఆడవారి గురించి నాకు ఎప్పుడూ దిగులే. మీరు వెళ్లిన ఊళ్లో వాటిని సున్నం వేసి లోతుగా పూడ్చమని, పాలు కాచి తాగమని చెప్పండి. వీలైతే పాల వలయ పరీక్ష వారి ముందే చేసి చూపండి. ఒక మిల్లీలీటరు పాలలో రంగు వేసిన యాంటిజెన్, అంటే చంపిన బ్రూసెల్లా బ్యాక్టీరియా ద్రావణం, ఒక చుక్క కలిపి ఒంటి వేడిలో గంటసేపు ఉంచితే, వ్యాధి ఉన్నప్పుడు పైకి తేలిన మీగడలో నీలి వలయం కనబడుతుంది, కింద పాలు తెల్లగా మిగులుతాయి. గంట ఉపన్యాసం చేయలేని పనిని ఆ నీలి వలయం చేయడం నేను చూశాను.

ప్రశ్న: ముసర వ్యాధి ప్రపంచంలోనే లేకుండా పోయిందని చదివాను. లేని వ్యాధిని పశువైద్య విద్యార్థులకు ఇంకా బోధించడం దేనికి?
— ఒక ఉపాధ్యాయుడు, నెల్లూరు జిల్లా

జవాబు: మీ జిల్లా పేరే ఈ కథలో ఒక మూల ఉంది. ఇక్కడి ఒంగోలు జాతి పశువులు సముద్రం దాటి బ్రెజిల్ చేరి, అక్కడ నెలోర్ అనే పేరుతో స్థిరపడిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు వెళుతున్న పశువులను బెల్జియంలోని యాంట్‌వర్ప్ రేవులో దింపినప్పుడు వాటితో పాటు ముసర వ్యాధి కూడా దిగింది. ఆ భయంతోనే దేశాలు ఒకచోట చేరి, 1924లో పారిస్ కేంద్రంగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థను ఏర్పరచుకున్నాయి. ఇప్పుడు ఏ దేశంలో ఏ పశువ్యాధి వచ్చినా మిగతా దేశాలకు కబురు చేసే ఏర్పాటు అక్కడి నుంచి మొదలైంది.

మన దేశంలో దీనిపై పోరాటం చాలా పాతది. 1889లో పుణెలో మొదలై తరువాత ముక్తేశ్వర్‌కు తరలిన ప్రయోగశాల, నేటి భారత పశువైద్య పరిశోధన సంస్థ, దశాబ్దాల పాటు ఈ వ్యాధిపై పనిచేసింది. జె.టి. ఎడ్వర్డ్స్ అక్కడే మేకల ద్వారా బలం తగ్గించిన వైరస్‌తో టీకాకు దారి వేశారు. తరువాత వాల్టర్ ప్లోరైట్ కెన్యాలో కణజాలంలో పెంచి తయారుచేసిన టీకా పోరాటాన్ని ముగింపు దాకా తెచ్చింది. మన దేశంలో చివరిగా 1995లో వ్యాధి కనిపించింది, 2006లో దేశం ఆ వైరస్ నుంచి విముక్తమైనట్టు గుర్తింపు వచ్చింది, 2011లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. మశూచి తరువాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో వ్యాధి ఇదే.

విద్యార్థులకు నేను ఎక్కువసేపు చెప్పే భాగం చివరి పదేళ్లది. వ్యాధి కనబడడం మానేశాక టీకా ఆపేయాలి. ఎందుకంటే టీకా వేసిన పశువు రక్తంలోనూ, వ్యాధి వచ్చి తగ్గిన పశువు రక్తంలోనూ ఒకే రకమైన ఆనవాళ్లు ఉండి, వైరస్ ఇంకా ఎక్కడైనా దాగి ఉందా అన్నది తేలదు. ఏళ్ల తరబడి కాపాడిన టీకాను కావాలని ఆపి, ఊరూరా తిరిగి, కళ్ల నీళ్లు, నోటి పుండ్లు, పారుడు ఉన్న ప్రతి పశువును అనుమానంతో చూసి, రక్తం తీసి పరీక్షించిన వారి నిబ్బరం మామూలుది కాదు. వారిలో పేరు బయటికి రాని పశువైద్య సహాయకులే ఎక్కువ.

ఆ పాఠం పాతబడలేదు. ముసర వైరస్‌కు దగ్గరి బంధువైన పి.పి.ఆర్., మనవాళ్లు పారుడు రోగం అనేది, గొర్రెలలో, మేకలలో ఇంకా ఉంది. మన దేశంలో దీన్ని తొలిసారి 1987లో తమిళనాడులో గుర్తించారు. దీన్నీ 2030 నాటికి లేకుండా చేయాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. మంచి టీకా ఉంది, ఒక్క మోతాదు కొన్నేళ్లు కాపాడుతుంది. కానీ కాపరులు మందలతో జిల్లాలు దాటి వలస పోతారు, సంతలో కొన్న జీవాన్ని ఆ సాయంత్రమే మందలో కలిపేస్తారు. ముసర వ్యాధిని ఎలా వెంటాడారో చదివినవారికే ఇక్కడ ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది.

ప్రశ్న: పదో తరగతి తరువాత చేసే రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమాలో కూడా వ్యాధి నివారణ నేర్పుతారా?
— ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: నేర్పుతారు. టీకాలు, నట్టల మందు తాగించడం, నమూనాలు సేకరించి పంపడం, కొట్టం శుభ్రత అందులో ప్రధానం. చికిత్స నిర్ణయాలు మాత్రం డిగ్రీ చదివిన డాక్టరువే.

ప్రశ్న: వేసవి సెలవులకు మా ఊరు వెళుతున్నాను. పశువైద్య విద్యార్థిగా అక్కడ నేను చేయగల ఉపయోగకరమైన పని ఏదైనా ఉందా?
— ఒక విద్యార్థి, కరీంనగర్ జిల్లా

జవాబు: ఒక నోటు పుస్తకం కొనుక్కోండి. ఇంటింటికీ వెళ్లి ఎన్ని ఆవులు, గేదెలు, జీవాలు, కోళ్లు ఉన్నాయో రాయండి. గత ఏడాదిలో ఏవి చనిపోయాయి, ఏ నెలలో, ఎంత వయసులో, చనిపోయే ముందు ఏం కనిపించింది, ఆ ముందు నెలలో కొత్తగా ఏ పశువును ఏ సంత నుంచి తెచ్చారు అని అడగండి. టీకా వేయించినవారి దగ్గర ఏ టీకా, ఏ తేదీ అన్నది రాసుకోండి. మందులు ఇవ్వకండి, మీకు ఇంకా ఆ అర్హత రాలేదు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక మందలో దగ్గుతున్న రెండు మేకలకు మూడు రోజులు సూదులు వేశాను తప్ప, వారం కిందట సంత నుంచి ఏమైనా కొన్నారా అని అడగలేదు. కొన్నారు, నాలుగు. నేను ఆ ఒక్క మాట అడిగేసరికి మందలో సగానికి పారుడు రోగం పాకింది. ఆ కాపరి నన్ను ఒక్క మాట అనలేదు. మీ పుస్తకంలో మొదటి గడి ఆ ప్రశ్నకే కేటాయించండి. సెలవులయ్యాక ఆ లెక్కలు మీ ఊరి పశువైద్యశాలలో ఒక నకలు, మీ ఎపిడెమియాలజీ అధ్యాపకుల దగ్గర ఒక నకలు ఇవ్వండి.